అప్ప నడక

గురువారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు మా పై వాటా అన్న చనిపోయారు. పద్మారావు నగర్‌లో అద్దెకుంటున్న ఇంట్లోనే, మంచం మీదే. వయసు యాభై మూడు. రెండు కిడ్నీలూ పాడై ఏడాదిన్నర అయింది. టీ గ్లాసు పట్టుకెళ్ళిన వదిన మెట్ల మీది నుంచి పిలిచింది. "బాబూ, ఒకసారి పైకి రండి. మీ అన్నయ్య పలకట్లేదు." నేను వెళ్ళేసరికి చెయ్యి వెచ్చగానే ఉంది. నాడి లేదు. వీధి చివర డాక్టరుగారు వచ్చి చూసి కాగితం మీద టైము వేశారు.

పేరు చెబితే ఆయన మీకు తెలియదు. నాలుగేళ్ళ కిందట ఒక శాటిలైట్ ఛానల్లో ఆదివారం మధ్యాహ్నం కామెడీ పోటీ వచ్చేది. ఎస్సెమ్మెస్‌లు పంపి ఓటెయ్యమనేవాళ్ళు. అందులో జరీ అంచు చీర కట్టి, నడుం మీద చెయ్యేసి, కుంటుకుంటూ వచ్చి కోడలి మీద విరుచుకుపడే అత్తమ్మ ఆయనే. మా వీధికీ ఆయన అత్తమ్మే. నాకు మాత్రం అన్న.

ఆయన వృత్తి టైలరింగు. సికింద్రాబాద్ కార్ఖానా ఏరియాలో మిలిటరీ వాళ్ళకి యూనిఫారాలు కుట్టే దుకాణంలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశారు. సొంతూరు శ్రీకాకుళం వైపు. అక్కడ పదిహేనేళ్ళప్పటి నుంచే నాటకాల్లో ఆడవేషాలు వేశారు. ఇక్కడికొచ్చాక వినాయక చవితి పందిళ్ళలో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో పాటకీ పాటకీ మధ్య వేశారు. పొద్దున సుబేదారు చొక్కా కుట్టిన మిషన్ మీదే సాయంత్రం తన జాకెట్టు కుట్టుకునేవారు.

వేషం ఉన్న రోజు గడ్డం రెండుసార్లు గీసుకునేవారు, రెండోసారి ఎదురు గీత. మధ్యాహ్నం నుంచి నీళ్ళు ముట్టేవారు కాదు. ఎందుకని ఒకసారి అడిగాను. "చీర కట్టినాక ఏ బాత్రూమ్‌కెల్తాను తమ్ముడూ? ఆడోళ్ళ దాన్లోకెల్తే కొడతారు. మొగోళ్ళ దాన్లోకెల్తే ఊరుకోరు" అన్నారు. కిడ్నీలు పోయింది దీనివల్లేనా అని డాక్టర్ని అడిగాను. కారణం షుగరే, కాకపోతే నీళ్ళు మానడం మేలు చెయ్యలేదు అన్నారు. స్టూడియోలో మగవాళ్ళకో గది, ఆడవాళ్ళకో గది ఉండేవి. ఆయన మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన చీర మార్చుకునేవారు.

వీధి మలుపులో టీ బండి దగ్గర ఎవరో ఒకరు రోజూ కదిలించేవాళ్ళు.

"ఏందత్తమ్మా, ఇయ్యాల కొంగు లేకుండనే వచ్చినవ్?"

"నీ పెళ్ళాం ఎరువడిగిందిరా, ఇచ్చినాను. నీ ముక్కు తుడాలంట."

బండి చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవారు కాదు. "నవ్వించినోడు నవ్వకూడదు. నవ్వితే ఎదుటోడి వాటా తగ్గిపోద్ది" అనేవారు. ఆ మాట ఆయన నోట కనీసం పదిసార్లు విన్నాను.

టీవీ పోటీకి ఎంపికైనప్పుడు ఆయన వయసు నలభై తొమ్మిది. మిగతావాళ్ళు పాతికేళ్ళ కుర్రాళ్ళు. మొదటి నాలుగు వారాలూ అత్తమ్మ మామూలుగానే నడిచింది. ఓట్లు తగ్గుతూ వచ్చాయి. ఐదోవారం రిహార్సల్లో డైరెక్టరు, "నడకలో ఏదో తక్కువైంది మాస్టారూ. ఏదన్నా కలపండి, లేకపోతే ఈ వారం మీరే ఇంటికి" అన్నాడు. ఆయన కుడికాలు ఈడుస్తూ, ఎడమవైపు ఒరిగి నడిచి చూపించారు. ఆ ఆదివారం జడ్జీలు లేచి నిలబడి నవ్వారు. ఆ నడక మీద ఆయన ఇంకో ఏడు వారాలు నిలిచి, మూడో స్థానంలో బయటికొచ్చారు.

పోటీ నడుస్తున్న రోజుల్లోనే ఒక ఉదయం మేడ మీద, ఆరేసిన బట్టల మధ్య ఆయన ఆ నడక సాధన చేస్తుంటే అడిగాను.

"యాడ నేర్చినవన్నా గీ నడక?"

"మా అప్పది."

వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారు. చిన్నతనంలో జ్వరమొచ్చి ఆమె కుడికాలు సన్నబడిందట. తల్లి పోయేనాటికి ఈయనకు నాలుగేళ్ళు. అప్పే పెంచింది, ఎడమ చంకలో మోసి. ఇప్పుడు ఊళ్ళో బస్సులు ఆగే చోట ఇడ్లీ కొట్టు పెట్టుకుంది. నడుం మీద చెయ్యి, గడ్డం ఎగరెయ్యడం, 'ఏటిరా నీ బోడి' అనడం అన్నీ ఆమెవే. ఇదంతా చెబుతున్నప్పుడు నా చేతిలో నోటుబుక్కు ఉంది. రాయొద్దని ఆయన అనలేదు. రాయనా అని నేను అడగలేదు.

మా పత్రిక సిటీ పేజీలో, ఆదివారం, మూడు కాలమ్‌ల వార్తగా వచ్చింది. నేను పెట్టిన శీర్షిక 'కార్ఖానా టైలరు, టీవీ అత్తమ్మ'. అప్ప నడక సంగతి నాలుగో పేరాలో రెండు వాక్యాలు. మర్నాడు ఆయన సొంత జిల్లా డెస్కువాళ్ళు, మన జిల్లా మనిషి కదా అని ఆ వార్త తీసుకుని తమ పేజీలో వేసుకున్నారు. ఇది మా దగ్గర రోజూ జరిగేదే. శీర్షిక మాత్రం మార్చారు. 'అక్క కుంటి నడకే నవ్వుల పంట.'

అప్పకి చదువు రాదు. ఇడ్లీ తినడానికొచ్చిన ఒకాయన ఆ వార్త కొట్టు ముందు నిలబడి పైకి చదివాడు. అప్పటిదాకా ఆమె టీవీలో తమ్ముణ్ణి చూసి మురిసిపోతూనే ఉంది. కుంటుతూ నడిచే అత్తమ్మ తానేనని ఆమెకు తట్టలేదు. ఊరికీ తట్టలేదు. పేపరు చెప్పాక అందరికీ తెలిసింది. బస్సు దిగిన పిల్లలు కొట్టు ముందు కుంటి చూపించడం మొదలుపెట్టారు. ఇవన్నీ ఆ ఊరివాళ్ళు ఆయనకు ఫోన్లో చెప్పినవి.

పోటీ అయిపోయిన మర్నాడే ఆయన రైలెక్కారు. మూడో రోజు తిరిగొచ్చారు. సంచీ భుజాన ఉండగానే నా వాకిట్లో కూర్చున్నారు.

"అప్ప నన్ను మీరు అన్నాది తమ్ముడూ."

నాకు అర్థం కాలేదు. ఆయనే వివరంగా చెప్పారు. ఆయన కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నారు. ఆమె వచ్చి, "ఏటి కావాలండి మీకు?" అంది. అప్పా, నానే అన్నారు. "ఇడ్లీ ఉన్నాదండి. మీరు కూకోండి, తెస్తాను" అంది. తెచ్చి పెట్టింది. చట్నీ మరోసారి వేసింది. ఆయన తిన్నారు. "ఇంకేటన్నా కావాలేటండి?" అంది. అంతే. నాలుగేళ్ళప్పటి నుంచి ఒరే గుంటడా అని తప్ప వేరేగా పిలవని మనిషి.

"పెద్దోడివైనవ్ గదన్నా, టీవీల సుత కనవడ్డవ్. మర్యాదకి అనుంటది" అన్నాను.

"కొట్టినా బాగుణ్ణు" అన్నారాయన.

నేను సవరణ వేయిస్తానన్నాను. ఆయన ఆశగా చూశారు. ఆఫీసుకెళ్ళి రాయబోతే రాయడానికి ఏమీ లేదు. పేరు సరిగ్గా ఉంది, వయసు సరిగ్గా ఉంది, నడక నిజంగా అప్పదే. తప్పు రాస్తే సవరణ వేస్తాం. నిజం రాసినదానికి సవరణ ఉండదు. ఆ సంగతి ఆయనకు చెప్పాను. "పోనీలే, నువ్వేటి సేస్తావు" అన్నారు. ఆ వారమే నా రెండు చొక్కాల కాలర్లు తిరగేసి కుట్టిచ్చారు. ఆ వార్త రాసినందుకు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఎన్నడైనా అంటారేమోనని నాలుగేళ్ళు ఎదురుచూశాను.

తర్వాతి కార్యక్రమానికి ఛానల్‌వాళ్ళు పిలిస్తే, అత్తమ్మ ఇక కుంటుతూ నడవదని ఆయన షరతు పెట్టారు. కుంటకపోతే అత్తమ్మే కాదన్నారు వాళ్ళు. ఆ వేషం ఇంకొకరికిచ్చారు. అతను కుంటాడు, ఇప్పటికీ కుంటుతున్నాడు. ఆ రోజుల్లో మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఫ్యామిలీ డే అని ఏడాదికోసారి వేడుకలు జరిగేవి. వాటికి ఈయన్ని పిలిచేవాళ్ళు. ఒకదానికి నేనూ వెంట వెళ్ళాను. గాజు మేడ వెనక పచ్చిక మీద స్టేజీ. ఈయన పది నిమిషాలు కోడలి మీద చెప్పారు, జనం బాగానే నవ్వారు. తర్వాత మెడలో ఐడీ కార్డులేసుకున్న పిల్లలు ఫోన్లు పైకెత్తి, "వాక్, వాక్! అత్తమ్మా, ఒక్కసారి ఆ వాక్!" అని అరిచారు. ఈయన చీర సవరించుకుని, తిన్నగా, రెండు కాళ్ళూ సమంగా వేస్తూ స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. ఎవరూ నవ్వలేదు. ఆ కంపెనీ మళ్ళీ పిలవలేదు. మరి మూడు కంపెనీలు కూడా అంతే. ఆ తర్వాత పిలుపులే లేవు.

తాను మానేసిన సంగతి అప్పకు తెలియాలన్నదొక్కటే ఆయన కోరిక. తెలిసే దారి లేదు. మానేసినవాణ్ణి టీవీ చూపించదు. ఉత్తరాలు రాశారు. అవి ఆమె ఎవరితోనూ చదివించుకోలేదని తెలిసింది. కొలత గుర్తుపెట్టుకుని ఏటా దసరాకి ఒక జాకెట్టు కుట్టి పార్సిల్ పంపారు. మూడూ తిరిగొచ్చాయి. మూడో పార్సిల్ వచ్చిన రోజు పోస్ట్‌మ్యాన్ కింద నాకే ఇచ్చి, "సార్, ఇగ పంపొద్దని చెప్పుండ్రి, తక్లీఫ్ దేనికి" అన్నాడు. నేను చెప్పలేదు. నాలుగోది కుట్టే ఓపిక ఆయనకు లేకపోయింది.

పోవడానికి రెండు రోజుల ముందు నన్ను మంచం దగ్గరికి రమ్మన్నారు. వదిన మందుల కోసం కిందికి వెళ్ళింది.

"నాను పోతే పేపర్లో రాస్తావేటి?"

"గట్లెందుకంటవన్నా."

"రాస్తే ఒకటి రాయి. ఆ నడక మా అప్పది కాదు, నానే కల్పించినాను, పేపరోళ్ళు తప్పు రాసేసినారు అని రాయి. ఎవులో ఒకులు సదివి ఇనిపిస్తారు గదా."

ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. రాయమని ఆయన నన్ను అడిగింది ఆ ఒక్కటే. సరేనన్నాను. నాలుగు రోజులు ఆ వాక్యంతో కూర్చున్నాను. రాయలేకపోయాను. ఆ నడక అప్పదే. ఆమెకు తెలుసు, ఆ ఊరికీ తెలుసు. అబద్ధమని తెలిసిన సవరణను ఆమె కొట్టు ముందు మళ్ళీ ఒకరు పైకి చదివితే ఏం జరుగుతుందో ఊహించగలను. అందుకని ఆయన అలా రాయమన్నారన్నది మాత్రం రాస్తున్నాను, ఎందుకంటే అది జరిగింది. పోటీ ముగిశాక ఆయన ఒక్కసారి కూడా ఆ నడక నడవలేదన్నదీ నిజమే. అదీ రాస్తున్నాను.

దహనానికి అప్ప అందుకోలేకపోయింది. కొట్టు పక్కనున్న ఫోనుకి వదిన చేస్తే, పదకొండో రోజు కర్మకు వస్తానని చెప్పమందట.

సోమవారం నుంచి ఛానల్లో ప్రోమో వస్తోంది. ఆయనకు నివాళిగా ఐదోవారం ఎపిసోడ్, జడ్జీలు లేచి నిలబడ్డది, ఈ ఆదివారం మళ్ళీ వేస్తున్నారు. వేరేది వెయ్యమని ఫోన్ చేశాను. "అదే గద సార్ హిట్టు. జనం అదే అడుగుతరు. ప్రోమో సుత పోయింది, ఇప్పుడు మార్చుడు కాదు" అన్నాడు నిర్మాత. మర్యాదగానే మాట్లాడాడు. ఆయనంటే గౌరవమని రెండుసార్లు అన్నాడు.

అప్ప ఎక్కే రైలు ఆదివారం ఉదయం ఏడు గంటల ప్రాంతంలో సికింద్రాబాద్ చేరాలి. స్టేషనుకి నేను వెళ్తాను. పది గంటలకు మేడ మీద కర్మ మొదలవుతుంది. ఎపిసోడ్ మధ్యాహ్నం పన్నెండింటికి. భోజనాలూ పన్నెండింటికే.