మా తాత దీపం, పోర్ట్ లూయిస్ రాతి హాలు

మా చిన్నప్పుడు... మా దీవి రాజధాని పోర్ట్ లూయిస్ వెళ్లాలంటే కాళ్లకి బూట్లు ఉండాల్సిందే. మా ఊరు లాల్మతీలో చెరకు తోటల వెంట ఏడాదంతా ఉత్తకాళ్లతో తిరిగే పిల్లలం, ఆ రోజు మాత్రం కుంటుకుంటూ బస్సెక్కేవాళ్లం.

బస్సు దిగి బజారు వైపు నడుస్తుంటే దారిలో ఓ పెద్ద రాతి హాలు... నల్లరాతి గోడలు, తెల్లటి స్తంభాలు. దొరలు అందులో డాన్సులాడేవారట. తాత దాని ముందు ఆగకుండా ఏనాడూ నడవలేదు.

"దీంట్లో ఒక్కసారి మన రామభజన పడాల పాపా... ఆ తర్వాత నేను పోయినా ఫర్లేదు," అనేవాడు.

"పోదువుగానిలే, ముందు పొయ్యిలోకి కట్టెలు తే!" అనేది మా అవ్వ.

తాత చెరకు కొట్టే కూలీ. శనివారం సాయంత్రమైతే మాత్రం భజన గురువు. నడుమ ఇత్తడి సెమ్మెలో దీపం వెలిగించి, దాని చుట్టూ తిరుగుతూ పాడతారు మావాళ్లు. ఒకసారి వెలిగించాక మంగళం పాడేదాకా ఆర్పకూడదు... అది నియమం.

దీవికి స్వాతంత్ర్యం రాబోతోందని ఆ హాల్లో అన్ని జాతులవాళ్ల ఆటపాటలూ పెట్టారు. తాత బృందానికీ పిలుపొచ్చింది! ఊరు ఊరంతా లారీ ఎక్కింది. ఆ రోజు కట్టెల ఊసు మాని అవ్వ కూడా ఎక్కింది.

వెలుగుతున్న దీపంతోనే లోపలికి అడుగుపెట్టాలని తాత ముచ్చట. గుమ్మం దగ్గరే కొబ్బరికాయ కొట్టి, సెమ్మె వెలిగించేశాడు. అంతే... కాపలా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"నో, నో, తోంతోన్! లోపల నిప్పొద్దు, అంతా చెక్క! ఆర్పేసి రండి, కరెంటు దీపం పెడతాం," అన్నాడు ఇక్కడి క్రియోల్ భాషలో. తోంతోన్ అంటే మన బాబాయ్ లాంటి పిలుపు.

ఆయన తప్పేం లేదు. వెలిగించకముందే చెప్పుంటే తాత బల్బు చుట్టూ అయినా తిరిగేవాడేమో... కానీ వెలిగించేశాడే!

"ఆర్పెయ్ బావా, రాముడేం అనుకోడులే," అన్నాడు తాత బావమరిది, మద్దెల వాయించేది ఆయనే.

"ఎలిగించీసినాం కదరా... మంగళం పాడకుండా ఎలాగ ఆర్పుతాం?"

తెరిచిన తలుపులోంచి ఎర్రటి కుర్చీల వరసలు కనిపిస్తున్నాయి. తాత వాటి వంక చాలాసేపు చూశాడు. తర్వాత సెమ్మె తీసుకెళ్లి మెట్ల కింద, రోడ్డు పక్కన పెట్టాడు.

అక్కడే పాడాడు... ఎప్పుడూ లేనంత గొంతెత్తి. కూరగాయల వాళ్లు బుట్టలు దించి నిలబడ్డారు. లోపల మా వంతు దాటిపోయింది. మంగళం అయ్యాక తాత మొహం అటు తిప్పుకుంటే అవ్వ కొంగు అందించింది. ఆ హాల్లోకి ఆయన పోయేదాకా అడుగుపెట్టలేదు.

నేనిప్పుడు వకోవా పట్నంలో ఉంటున్నాను. మొన్న ఫోనొచ్చింది... ఆ హాలు బాగుచేశారట. ఆ వీధి నిండా ఇప్పుడు దీపాలు, కాఫీ కొట్లు, ఫోటోలు దిగేవాళ్లు.

"ప్రారంభం రోజు మీ రామభజన కావాలి మేడమ్. వేదిక మధ్యలో రాతి పలక వేయించాం, నిజం దీపమే పెట్టుకోవచ్చు," అన్నాడు ఆ హాలు నుంచి ఫోన్ చేసిన అబ్బాయి.

సెమ్మె నా దగ్గరే ఉంది, తోమి పెట్టాను. పాడేవాళ్లే లేరు. బళ్లో తెలుగు నేర్చుకున్నాను, టీచరునై ఎందరికో నేర్పాను... తాత పాటలు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు. నాకు మొదటి పాట వచ్చు, మంగళం వచ్చు. నడుమ ఉన్నవన్నీ ఆయనతోనే పోయాయి.

లాల్మతీ వాళ్లూ, మాంటాన్ బ్లాంష్ వాళ్లూ... మీ ఇళ్లల్లో ఎవరికైనా ఒక్క పాట గుర్తుంటే, తప్పులున్నా సరే, కింద కామెంట్లలో పాడి పెట్టండి. ఇన్నాళ్లకి దీపాన్ని లోపలికి రమ్మన్నారు... ఒట్టి దీపాన్ని ఎలా తీసుకెళ్లను?