సాటింపు ఎంకన్న గొంతు

తెనాలి నుంచి వచ్చి యూనివర్సిటీలో బ్రాడ్‌కాస్టింగ్, డిజిటల్ మీడియా కోర్సులో చేరిన మొదటి రోజే మా ఆత్రేయ సారు "హన్నా, నీది రేడియో గొంతమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటకి నేను ఎంత మురిసిపోయానో! ఇప్పుడు నా గొంతు వింటే నాకే అసహ్యం.

తార్నాకలో నాతో గది పంచుకున్న నా క్లాస్‌మేట్ అమల వాళ్ల నాన్న పేరు ఎంకన్న. నల్గొండ వైపు ఒక పల్లెలో డప్పు కొట్టి సాటింపు వేసేవాడు. రేషన్ బియ్యం వచ్చినా, ఎవరి బర్రె తప్పిపోయినా, ఊరికి ఆ కబురు ఆయన నోటనే తెలియాలి. ఆయనకు చదువు రాదు. ఆ గొంతు ముందు మాత్రం మా చర్చి మైకు దిగదుడుపే. అమల చివరి ప్రాజెక్టు ఆయన మీదే చేసింది. ఊరెళ్లి రెండు గంటలు రికార్డు చేసుకొచ్చింది.

ఆత్రేయ సారు ఐదు నిమిషాలు విని మొహం చిట్లించారు.

"యాస మరీ ఎక్కువైంది. ఆయన మాట కిందికి తగ్గించి, పైన శుభ్రమైన గొంతు వెయ్యి. హన్నాతో చదివించు."

"మా నాయిన చెప్పేది అందరికి సమజైతది కద సార్."

"మార్కులు కావాలా వద్దా?"

చదివాను. నా మొహం, సంబరంగా చదివాను! "ఇనుండ్రీ..." అని ఆయన ఎత్తుకోగానే నేను అందుకున్నాను. కింద ఆయనది గొణుగుడులా మిగిలింది. క్లాసులో అందరూ చప్పట్లు కొట్టారు.

డిపార్ట్‌మెంటులో రికార్డరు ఒక్కటే, అందులో మెమరీ కార్డూ ఒక్కటే. పని అయిపోయినవాళ్లు దాన్ని ఖాళీ చేసి తర్వాతివాళ్లకు ఇవ్వాలి. ఎడిటింగ్ కంప్యూటర్‌లో ఉన్నవన్నీ శనివారం శనివారం తుడిచేస్తారు. తర్వాతి వంతు నాది.

"నా ఫోన్ల జాగ లేదే. రేపు ఎవరి లాప్‌టాప్ అన్న అడిగి కాపీ చేసుకుంట" అంది అమల.

"ఫైనల్ ఉందిగా తల్లీ, ఇంకా ఆ చెత్తంతా ఎందుకు నీకు? నా పని ఆగిపోతోంది!" అన్నాను. చెత్త అన్నాను, నా నోరు పడిపోను. అమల నా ఎదుటే కార్డు ఖాళీ చేసి నా చేతిలో పెట్టింది.

నాలుగు నెలలకు ఎంకన్నకు గొంతులో క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక తీసెయ్యాలన్నారు. మాట లేకుండా బతకడంకంటే చావే నయమని ఆయన మొండికేశాడు. అప్పుడు అమల ఫోనులో చెప్పిన మాట నేను విన్నాను.

"నీ గొంతు నా తాన పైలంగ ఉన్నది నాయినా. రెండు గంటలు. ఎప్పుడంటె అప్పుడు ఇనిపిస్త."

అబద్ధమని నాకు తెలుసు. ఆయన నమ్మి ఒప్పుకున్నాడు.

ఆపరేషన్ అయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం మా గదికి వచ్చాడు. మెడకు రంధ్రం, దాని మీద తెల్లగుడ్డ. "టీ తీసుకోండి బాబాయ్" అని కప్పు అందించాను. ఆయన దాన్ని పక్కన పెట్టి, అమల ఫోను చూపించి, తన మెడ తట్టుకున్నాడు.

అమల ప్రాజెక్టు పెట్టింది. డప్పు మోగింది. "ఇనుండ్రీ..." ఆయన కళ్లు మెరిశాయి. అంతలోనే నా గొంతు. మర్యాదగా, అది అయిపోయేదాకా ఆగాడు. మళ్లీ పెట్టమని సైగ చేశాడు. మూడోసారి విన్నాక ఫోను వైపు, నా వైపు చూశాడు. ఎవరి గొంతో గుర్తుపట్టాడు. అమల వైపు తిరిగి పెదవులు కదిపాడు.

నాది పెట్టు, అంటున్నాడు.

"లేదు నాయినా. గంతే ఉన్నది. మిగిలింది నేనే తుడిచేసిన. నువ్వు బతకాల్నని అబద్ధమాడిన" అని అమల ఆయన కాళ్లు పట్టుకుంది.

ఆయన నోరంతా తెరిచాడు. ఏ చప్పుడూ రాలేదు. మెడ మీది గుడ్డ మాత్రం ఉబ్బుతూ, తగ్గుతూ చాలాసేపు కొట్టుకుంది.