బెలూన్ల తాత తుపాకీకి నేను చేసిన మరమ్మతు

ఆ రోజుల్లో ఏదైనా తప్పు జరిగితే అది వస్తువుదో ఎదుటివాడిదో అయి తీరాలని, నాది అయ్యే అవకాశమే లేదని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడా నమ్మకం కొంచెం సడలింది గానీ పూర్తిగా పోలేదు. (ఐదో తరగతిలో హాజరు పిలుస్తూ వరసగా రెండు రోజులు నా పేరు దాటేసిన మాస్టారిని నేనింకా క్షమించలేదు. ఆయన పోయి చాలాకాలమైంది. అయినా సరే.) అలాంటి నాకు ఇరవై మూడేళ్ల వయసులో, కంచరపాలెంలో ఒక వర్క్‌షాపులో ఫిట్టరుగా కుదిరిన కొత్తలో, ఒక ఆదివారం సాయంత్రం బీచిలో ఘోరమైన అన్యాయం జరిగింది. బెలూన్లు కొట్టే చోట ఎయిర్ గన్నుతో పది గుళ్లు పేల్చాను. పదికి పదీ గురి తప్పాయి.

పక్కన మా బావ ఉన్నాడు. మేనత్త కొడుకు, నా ఈడువాడే, ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని. మొక్కజొన్న పొత్తు కొరుక్కుంటూ అంతా చూసి, పదో గుండు కూడా వెనకున్న గుడ్డకు తగిలాక, "ఏటి బావా, బెలూన్లకి దెబ్బ తగులుద్దని జాలి పడతన్నావేటి?" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. అందులో ఒకాయన నీలం చొక్కా వేసుకున్నాడు. ఇప్పుడు ఎదురుపడినా గుర్తుపడతాను. నేను తుపాకీ తిరిగి ఇచ్చేస్తూ, "గన్ను ఎడమకి లాగేస్తంది తాతా. దమ్ము కూడా నేదు," అన్నాను. ఆ తాత ఊళ్లోనే పాతపట్నం పేట నుంచి వచ్చే ముసలి సాయిబు. గళ్ల లుంగీ, తెల్ల టోపీ, రెండు తుపాకులు, బెలూన్లు కట్టిన ఒక చెక్క చట్రం. అందరికీ ఆయన బెలూన్ల తాతే. ఒకరు ఒక తుపాకీ పేలుస్తుంటే రెండోదాని గొట్టం తానే కిందికి విరిచి, గుండు పెట్టి, తరవాతివాళ్లకు అందించేవాడు. సాయంత్రమంతా అదే పని. నా మాటకి కోపం తెచ్చుకోకుండా, "గన్నుకేం కాలేదు బేటా. ఊపిరి బిగబట్టి కొట్టు, తగుల్తాది," అన్నాడు. అంటే తప్పు నా ఊపిరిదన్నమాట!

మరుసటి ఆదివారం వెళ్లి అదే ఫిర్యాదు చేశాను. ఆ పై ఆదివారం కూడా. నాలుగో ఆదివారం స్టీలు స్కేలు తీసుకెళ్లి, గురి చూసే ముల్లు ఎంత పక్కకు ఒరిగిందో అందరి ముందూ కొలిచి చూపించాను. తాత టోపీ సర్దుకుని, "అంత నమ్మకముంటే ఇంటికి తీస్కెళ్లు బేటా. బాగుచేసి ఆదివారానికి తెచ్చీ. ఉన్నవే రెండు. నా సగం బతుకు నీ చేతిలో పెడతన్నా," అన్నాడు. నేను నాలుగడుగులు వేశాక వెనక నుంచి, "తోలు వాషరుకి నూనె రెండు చుక్కలే! ఎక్కువొద్దు!" అని కేకేశాడు. ఫిట్టరుకి చెప్పే మాటేనా అది? మనసులో పెట్టుకున్నాను.

ఆ తుపాకీలో మందు ఉండదు. గొట్టాన్ని మధ్యకి విరిచి కిందికి లాగితే లోపల స్ప్రింగు అణుగుతుంది. ట్రిగ్గరు నొక్కగానే అది పిస్టన్‌ని తోస్తుంది, ఆ గాలి దెబ్బకి గుండు వెళుతుంది. ఇంటి పెరట్లో దాన్ని విప్పగానే స్ప్రింగు ఎగిరి మా అమ్మ ఎండబెట్టిన అప్పడాల్లో పడింది. (ఆవిడ పెట్టిన చీవాట్లు ఇక్కడ అనవసరం.) తీసి చూస్తే నా అనుమానమే నిజమైంది. ఎవరో ఆ స్ప్రింగుకి మూడు చుట్లు కోసేశారు. బొటనవేలితో నొక్కితే వంగిపోతోంది. కోసిన చివర మాత్రం ఎక్కడా గుచ్చుకోకుండా ఆకురాయితో ఎంతో ఓపికగా, గాజులా నున్నగా అరగదీశారు. పనితనం ఉంది గానీ బుద్ధి లేదు అనుకుని, దాన్ని సాక్ష్యంగా దాచిపెట్టాను. వర్క్‌షాపులో లేతు మిషను మీద లావుపాటి తీగతో కొత్త స్ప్రింగు చుట్టించాను. పిస్టన్‌కి మెరుగు పెట్టాను. ముల్లు సరిచేశాను. ఇక గాలి పోకుండా పిస్టన్ కొనకి బిగించే తోలు వాషరు ఒక్కటే మిగిలింది. దానికి బావ సలహా అడగడం నా పొరపాటు. "తోలుకి సొర నూనెని మించింది నేదు బావా. పడవలకి అదే పూత్తారు," అని ఒక సీసాడు తెచ్చాడు. రెండు చుక్కలు చాలన్నారు కాబట్టి నేను ఒక రోజంతా నానబెట్టాను.

శనివారం పొద్దున్న పెరట్లో మొదటి గుండు పేల్చాను. ఢామ్మని చప్పుడు, గొట్టంలోంచి నీలంగా పొగ, దాని వెనకే ఘుమఘుమా వేపుడు చేపల వాసన. (పిస్టన్ విసురుకి లోపలి గాలి వేడెక్కి, ఎక్కువైన నూనె కాలుతుందని నాకు తరవాత తెలిసింది.) మా అమ్మకి శనివారం నియమం. వంటింట్లోంచి పరుగున వచ్చి, "ఓరి నీ మొకం మండా! శనోరం పూట ఇంట్లో సేపలు ఏపుతన్నావేట్రా!" అంది. గోడవతల పక్కింటావిడ, "ఏటొదినా, శనోరాలు ఒగ్గీసినావేటి?" అంది. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గోడ మీద ఏడు పిల్లులు వరసగా వచ్చి కూచున్నాయి. కానీ పెరటి చివర నిలబెట్టిన డబ్బా మూతకి సరిగ్గా నడిమధ్యన చిల్లు! నేను చెప్పిందే నిజం.

ఆదివారం బీచిలో నేనే గొట్టం విరిచి, నేనే గుండు పెట్టి, పది బెలూన్లు వరసగా పేల్చాను. పొగకీ వాసనకీ జనం గుమిగూడారు. ఒకాయన వచ్చి, ఫ్రై ప్లేటు ఎంత అని అడిగాడు. ఒక కుక్క నన్ను వదల్లేదు. బావ ఇసకలో కూలబడి నవ్వాడు. తాత కూడా కళ్లు తుడుచుకునేదాకా నవ్వి, తుపాకీ అందుకుని, తరవాతివాళ్ల కోసం గొట్టం విరవబోయాడు. అది వంగలేదు. తొడకి ఆనించి మళ్లీ లాగాడు. కుడిచెయ్యి ఒకసారి విదిలించుకున్నాడు. నేను చూశాను. చూడటమంటే, కళ్లతో చూడటమే. "బాగుంది బేటా. మంచి పని చేశావు. నువ్వు చెప్పిందే రైటు," అని దాన్ని చట్రానికి ఆనించి, రెండో తుపాకీ తీసుకున్నాడు. గంటసేపు నిలబడ్డాను. ఒక్క తుపాకీతోనే ఆడించాడు. జనం ఎదురుచూసి, విసుగొచ్చి వెళ్లిపోతున్నారు. నా తుపాకీ మాత్రం అలాగే నిలబడి ఉంది. చేపల వాసనొస్తోందని నా పనితనాన్ని పక్కన పెట్టాడని తీర్మానించుకుని, చెప్పకుండానే వచ్చేశాను. ఆ తరవాత బీచికే వెళ్లలేదు.

ఆరు నెలలకి ఒకరోజు బస్సులో బావ అన్నాడు. "కంపు గొడవ కాదు బావా. ఆ స్ప్రింగు తాత చేతికి లొంగట్నేదు. కుడి మణికట్టు ఎప్పుడో ఇరిగి సరిగ్గా అతకనేదంట. అందుకే రెండు గన్నుల్లోనూ పాత స్ప్రింగులు తనే కోసుకున్నాడంట."

"అప్పుడే సెప్పొచ్చు కదా?"

"సెప్తే ఇంటావేటి? కలెక్టరాఫీసుకి అర్జీ ఎట్టీసే రకం నువ్వు."

పాత స్ప్రింగు నా దగ్గరే ఉంది. తిరిగి బిగించడం అరగంట పని. "ఇయ్యాలే ఎల్దాం రా," అన్నాడు బావ. కానీ తాత నాతో ఎందుకు చెప్పలేదు? నోరు తెరిచి అడిగితే చెయ్యనా? నన్ను అంత పరాయివాణ్ణి చేస్తాడా? ఈ కొత్త అవమానాన్ని దిగమింగుకోవడానికి నాకు ఇంకో మూడు నెలలు పట్టింది. చివరికి స్ప్రింగుని కాగితంలో చుట్టుకుని వెళితే, అక్కడ వేరే ఎవరిదో చట్రం ఉంది. పల్లీలమ్మే ఆవిణ్ణి అడిగాను. "తాత మానీసినాడు బాబూ. ఒక్క గన్నుతో ఏటి గిట్టుద్ది? కూతురుకాడికి ఎలిపోనాడు. ఏ ఊరో తెల్దు," అంది. పల్లీలు కొలుస్తూ, నేనెవరో తెలియక, "పోతా పోతా కూడా అనీవోడు. ఆ ఫిట్టరు గుంటడు సానా బాగా సేసినాడు, నా సెయ్యే పనికిరాకపోనాదని," అంది. పల్లీలు పొట్లం కట్టించుకుని, తినకుండానే కంచరపాలెం దాకా నడిచి వచ్చాను.

ముప్పై ఏళ్లు స్పానర్లు తిప్పిన నా కుడి మణికట్టు ఇప్పుడు మొరాయిస్తోంది. పచ్చడి సీసా మూత కూడా రాదు. డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పదిసార్లు నొక్కమన్నాడు. ఆ బంతి నాసిరకమని ఫిర్యాదు రాసి (జవాబు రాలేదు) పక్కన పడేశాను. దాని బదులు పనిముట్ల పెట్టెలోంచి తాత స్ప్రింగు తీసి, బల్ల మీద నిలబెట్టి అరచేత్తో నొక్కుతున్నాను. ఒకప్పుడు బొటనవేలికి వంగిందని వెక్కిరించినదే. ఇప్పుడు నా చేతి కొలత తీసుకుని కోసినట్టుంది. నున్నగా అరగదీసిన ఆ చివర అరచేతిలో ఎక్కడా గుచ్చుకోదు.

మొన్న బావ వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. "ఏటి బావా, దానికి దమ్ము నేదన్నావు కదేటి?" అన్నాడు. తొమ్మిదోసారి నొక్కి రొప్పుతున్నాను. ఊపిరి బిగబట్టి పదోసారి కూడా నొక్కాక, "ఉంది బావా. సరిపడా ఉంది," అన్నాను. బావ నవ్వాడు. ఇన్నేళ్లలో ఆ నవ్వొక్కటే నేను మనసులో పెట్టుకోలేదు. నేనూ నవ్వేశాను.