భోజనానికి లేవండి

ఆ రిసార్టు పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. సముద్రం ఒడ్డున అద్దాల మేడ. మా మేనకోడలి పెళ్ళయిన మూడోనాడు మగపెళ్ళివారు అక్కడ మధ్యాహ్నం విందు పెట్టారు. రావికమతం దగ్గర మా అన్నయ్య ఇంటి ముందు పందిరి వేసి పెళ్ళి మేం చేశాం, విందు వాళ్ళది. ఇంటర్నేషనల్ బఫే అని వియ్యంకుడు ఫోన్ మీద ఫోన్ చేసి ఊదరగొట్టాడు. ఫోన్లో అన్ని మాటలు చెప్పిన మనిషి, ఎదురుగా నిలబడి చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు.

మా వైపు విందుకి వెళ్ళినవాళ్ళు తమంతట తాము లేచి తినరు. ఆ ఇంటి మనిషి ఒకరు దగ్గరికొచ్చి "భోజనానికి లేవండి" అనాలి. వియ్యాలవారినైతే మరీనూ. ఆ మాట అనకపోతే వచ్చినవాళ్ళని పూచికపుల్లలా తీసేసినట్టే. అనడానికి పెద్ద శాస్త్రం తెలియనక్కర్లేదు. నోరు విప్పితే చాలు.

అన్నయ్యకి షుగరు. ఒంటిగంటకల్లా భోజనాలని చెప్పారు కదా అని, వ్యాను రిసార్టు గేటు దాటుతుండగానే మాత్ర వేసేసుకున్నాడు. హాల్లోకి వెళ్ళేసరికి ఒక మూల జపాను, ఒక మూల ఇటలీ, నడుమ ఇంకేవో దేశాలు. పొడుగు టోపీల వంటవాళ్ళు, ఉడికిన చీజు వాసన, ప్లేట్లు పట్టుకుని తిరిగే జనం. అన్నయ్య, వదిన, మాతో వచ్చిన పెద్దవాళ్ళు గోడవారగా కుర్చీల్లో కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు లేవలేదు.

అనకాపల్లిలో బట్టల కొట్టు నడుపుకునే నాకు బఫేలు కొత్త కాదు. దగ్గరికెళ్ళి చెప్పాను.

"అన్నియ్యా, ఇక్కడెవరూ పిలవరు. ఎవరికి కావలసింది ఆలే ఎట్టుకుంటారు. లెగు."

"పిలవకండా ఎలా లెగుతామే? పిల్లనిచ్చినోలం. ఇయాల మనం ఎగబడి తినేత్తే, రేపు ఆ ఇంట్లో దాన్నేటి లెక్కసేత్తారు?"

మొండి మనిషి. నాకు ఆయన మీదా కోపం వచ్చింది. కానీ ఆయన ఆకలి కడుపులో దాచుకున్నది కూతురి మర్యాద.

వియ్యంకుడు మా ముందు నుంచే రెండుసార్లు వెళ్ళాడు, చేతిలో ప్లేటుతో. "ఎంజాయ్ చేయండి బావగారూ" అని నడుస్తూనే ఒక మాట విసిరి పోయాడు. అన్నయ్య సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

కాసేపటికి అన్నయ్య నుదురంతా చెమట. ఏసీ హాల్లో చెమటేమిటి? చెయ్యి పట్టుకుంటే సన్నగా వణుకుతోంది. నా బ్యాగులో ఎప్పుడూ ఉండే బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టాను. అది తన పొలంలో పండిన చెరకు బెల్లమే, వాళ్ళ తిండి కాదు కాబట్టి కాదనలేదు. వదిన కొంగుతో విసరడం మొదలుపెట్టింది.

నేను విసవిసా వెళ్ళి ఇటలీ మూల వియ్యంకుణ్ణి పట్టుకున్నాను. ఎవరో ఆఫీసర్లకి నూడిల్స్ లాంటివేవో చూపిస్తున్నాడు.

"అన్నయ్యగారూ, ఒక్కసారొచ్చి మా అన్నియ్యని భోజనానికి లెగమనండి. మాత్రేసుకున్నాడు, నీరసపడిపోతన్నాడు."

ఆయన నవ్వాడు. "ఇది బఫే కదా చెల్లెమ్మా. ఫార్మాలిటీస్ ఏమీ లేవు. ఫ్రీగా తినమనండి."

"ఒక్క మాట సెప్పండి సాలు."

"వస్తాను, వస్తాను," అని ఆఫీసర్ల వైపు తిరిగాడు. రాలేదు. రావడానికి పది బారల దూరం లేదు. ఆ ప్లేటు లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. చేతులు కట్టుకుని వెనక్కి వచ్చాను.

స్టేజీ మీద పెళ్ళికొడుకు పక్కన కూర్చున్న మా మేనకోడలు అంతా చూస్తూనే ఉన్నట్టుంది. ఫొటోలవాడు ఆగమంటున్నా వినకుండా, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దిగి వచ్చింది. తండ్రి ముందు నిలబడి చేతులు జోడించింది.

"నాన్నా, భోజనానికి లేవండి. అమ్మా, మీరూ లేవండి."

పుట్టి బుద్ధెరిగాక తండ్రిని ఎప్పుడూ 'మీరు' అని పిలవని పిల్ల. అన్నయ్య దాని మొహంలోకి చూసి, నా భుజం పట్టుకుని లేచాడు. మిగతావాళ్ళూ లేచారు. ఏ దేశం కూరలూ వద్దని అన్నయ్య కాస్త పెరుగన్నం తిన్నాడు.

తిరుగు ప్రయాణంలో, "పిలిసింది కదే. ఇప్పుడది ఆ ఇంటి మనిషే," అన్నాడు, తృప్తిగా. నాకా తృప్తి అంటలేదు. అంతమంది ఉన్న ఆ ఇంట్లో, నిన్నగాక మొన్న అడుగుపెట్టిన పిల్ల తప్ప పిలిచే దిక్కు లేకపోయిందా?

తర్వాత వియ్యంకుడు ఉప్మాక వెంకన్న దర్శనానికి వచ్చి, అటు నుంచి అన్నయ్య ఇంటికి వచ్చాడు. కొడుకూ కోడలూ వెంట ఉన్నారు. అన్నయ్య కాళ్ళకి నీళ్ళిచ్చి, కుర్చీ దాకా వెళ్ళి, "బావగారూ, భోజనానికి లేవండి," అన్నాడు. ఆయన ఫోన్ చూసుకుంటుంటే మళ్ళీ పిలిచాడు.

"ఇన్ని మర్యాదలెందుకు బావగారూ," అంటూ ఆయన తీరిగ్గా వచ్చి కూర్చున్నాడు.

వడ్డించేది నేనే. చేతిలో పప్పు గిన్నె ఉంది. లేచి వచ్చి నువ్వే పెట్టుకో, ఫ్రీగా తిను అనాలని మాట నాలిక చివరి దాకా వచ్చింది. గుమ్మం పక్కన నిలబడి మా మేనకోడలు నా వైపే చూస్తోంది. కళ్ళతోనే బతిమాలింది.

పళ్ళు బిగించి వంగి, ఆయన విస్తరిలో పప్పు వడ్డించాను.