మలుపు తిరగని కారు

"అద్దానికి చెక్క పెట్టినావా?"

"పెట్టినాలే. నువ్వు పండుకో."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. నంద్యాల ఆసుపత్రిలో మంచం మీద ఆయన, పక్కన స్టూలు మీద నేను. ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన మనిషి పోయే ముందు పెళ్లాన్ని అడగాల్సినవి ఎన్నో ఉంటాయనుకుంటాం. ఈయన కారు అద్దం గురించి అడిగాడు. నేనేమో అబద్ధం చెప్పాను. చెక్క పెట్టలేదు. ఆ రోజు వాన కురిసి నా వైపు సీటు నానిపోయింది.

ఆ అబద్ధానికి పరిహారంగా ఆ కారుకు నేనెంత సేవ చేశానో, ఆ సేవతో దాన్ని ఎట్లా పనికిరాకుండా చేశానో ఇప్పుడు చెప్తాను. నాకు సంతకం పెట్టడం, బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కోవడం తప్ప చదువు రాదు. నేను చెప్తుంటే మా మరిది కూతురు సుజాత రాస్తోంది. అప్పుడు ఆ కార్లో అది కూడా ఉంది. నేను గొప్పలకు పోతే అదే పట్టుకుంటుంది, మీరేం భయపడాల్సిన పని లేదు.

మాది చిన్న కారు. తెల్లదని కాగితాల్లో ఉందంట. నల్లరేగడి దుమ్ములో ఆ తెలుపు మాకెప్పుడూ కనబడలేదు. మా ఆయనా, ఆళ్లగడ్డలో ఉండే మా మరిది ఓబులేసూ కలిసి ఎవరో వాడేసింది కొన్నారు. ఆయన తోలేటప్పుడు పక్కన నేను కూర్చునే వైపు అద్దం పైన నిలవదు, గుడ్డ జారినట్టు తలుపులోకి జారిపోతుంది. మా ఆయన వేపకొమ్మ చెక్కి వేలెడంత చెక్క చేశాడు. రెండు చేతులతో అద్దాన్ని పైకి లాగి, సందులో ఆ చెక్క దోపాలి. చేతులు రెండూ అద్దం మీద ఉంటాయి కదా, అందుకని ఆయన చెక్కను పళ్ల మధ్య కరిచి పట్టుకునేవాడు. దాని మీద ఆయన పళ్ల గుర్తులు వరసగా పడ్డాయి. ఫొటోలో ఆయన నోరు మూసుకునే ఉంటాడు. పళ్లు చూడాలంటే నాకు ఆ చెక్కే.

ఆయన పోయి ఏడాది తిరిగాక మరిది వచ్చాడు.

"వదినా, ఊరికే నిలబడి తుప్పు పడతాండాది. పాతినుము వాళ్లకు ఇచ్చేద్దాం."

"ఇయ్యను."

"ఏం చేసుకుంటావ్? కోళ్లు పొదగేస్తావా దాంట్లో?"

"తోలుకుంటా."

"నువ్వా? స్కూటరు వెనక కూచుంటేనే కండ్లు మూసుకుంటావు."

"ముందర కూచుంటే తెరుస్తాలే."

కారులో సగం అతనిది, ఊరికే కాదనలేను. అతనికీ అన్న కారు అమ్మడం అంత ఇష్టంగా లేదనుకుంటా, కాసేపు గడ్డం గోక్కుని అన్నాడు. "సరే. నేర్చుకో. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నువ్వే తోలుకోనొచ్చి మా గుమ్మం ముందర ఆపు. జన్మలో దీని మాటెత్తను. ఆపలేకపోతే మాత్రం తూకానికి వేసేదే."

డ్రైవింగు నేర్చుకున్నాను. నా పక్కన కూర్చున్న సారు నాకు నంద్యాల వీధులన్నీ చూపించాడు, నేను ఆయనకు వీధికొక దేవుణ్ని చూపించాను. ఎట్లైతేనేం, లైసెన్సు వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే నాకు చెప్పుకోవడానికి కథే లేదు. కారును కూడా బాగు చేయించి, పెళ్లికూతురిలా మరిది ముందు నిలబెట్టాలనిపించింది.

మెకానిక్కు మస్తాన్ దగ్గరికి పోయాను. మా ఆయన ఉన్నప్పటి నుంచి ఆ కారు రోగాలన్నీ అతనికి తెలుసు. చుట్టూ తిరిగి, కింద దూరి, బయటికొచ్చి చెప్పాడు.

"ముందు బ్రేకులు చేయించల్లక్కా. తర్వాత కింద స్ప్రింగులు. తర్వాత ఈ అద్దం మిషను మార్చేద్దాం."

"అద్దం జోలికి పోవద్దు."

"చెడిపోయింది అదే కదక్కా."

"బాగుండేది అదొకటే. మిగతావి ఏమైనా మార్చుకో."

అతను నా మొహంలోకి చూసి, చేతులు తుడుచుకున్నాడు. "సరే, నీ లెక్క చెప్పు."

నా లెక్క నా దగ్గరుంది. సీట్లకు ఎర్ర కవర్లు. లారీకి ఉండే లాంటి హారను. పాటలు పాడే డబ్బా. ఆ మూడూ విని మస్తాన్ ఓర్చుకున్నాడు. డబ్బా బిగించాలంటే తీగ బ్రేకుల మీదుగా పోవాలని, అందుకని ముందు బ్రేకులు మార్చక తప్పదని చెప్పాడు. నేను నమ్మి సరేనన్నాను. అది అబద్ధమని నాకు ఏడాది తర్వాత తెలిసింది. ఈ రోజు బతికుండి ఇది చెప్తున్నానంటే ఆ అబద్ధం పుణ్యమే.

నాలుగోది చెప్పాను. "చక్రాలు లావువి వేయల్ల."

"ఎందుకు?"

ఎందుకంటాడేమిటి? మా పుట్టినిల్లు కోయిలకుంట్ల వైపు. మా నాయన ఎద్దులు కొనడానికి పోతే నన్ను తీసుకుపోయేవాడు. కొమ్ములూ రంగూ చూసి మోసపోవద్దు, ముందు గిట్టలు చూడు అనేవాడు. గిట్ట వెడల్పుంటే రేగడిలో దిగబడదు. కాడి కింద పడుకోదు. అదే ముక్క మస్తాన్‌కు చెప్పాను.

"అక్కా, ఎద్దుకు గిట్ట దాని కాలికి తగినంతే ఉంటాది. ఈ కారుకు అంత లావువి పట్టవు. తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటాయి. నేనైతే వేయను."

"నీకు ఎద్దుల సంగతి తెల్దులే."

"నీకు కార్ల సంగతి తెల్సా?"

కోపమొచ్చింది. ప్రయాణం రోజు పొద్దున్నే ఆళ్లగడ్డ రోడ్డు మీద ఇంకో అంగడికి పోయి, పెళ్లి వంట గిన్నెలంత చక్రాలు నాలుగు వేయించుకున్నాను. అంగడాయన కారును రోడ్డు వైపే నిలబెట్టి ఇచ్చాడు, నేను తిప్పి చూసుకోనేలేదు. పాత చక్రాలు అక్కడే పారేయమన్నాడు. మా ఆయన కొన్నవి ఎట్లా పారేస్తాను? వెనక సీట్లో రెండు, డిక్కీలో రెండు ఎక్కించాను. నంద్యాలలో కాలేజీ చదువుతున్న సుజాత వాటి మధ్యన ఒదిగి కూర్చుంది.

"పెద్దమ్మా, నాకు సీటు బెల్టు అక్కర్లేదు. కదల్డానికి సందే లేదు."

రోడ్డు తిన్నగా ఉంది. కారు ఏనుగు మీద ఊరేగినట్టు పోయింది. పాటలు పెట్టాను, హారను కొట్టాను, గొర్రెల మందొకటి మడి దాటి పారిపోయింది. మస్తాన్ ఇప్పుడు చూడాలి నన్ను అనుకున్నాను.

ఆళ్లగడ్డ వచ్చింది. మా మరిది ఇల్లు ఎడమ వైపు సందులో. మలుపులో టీ అంగడి ముందు నిలబడి, గ్లాసు పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. నేను ఎడమకు తిప్పాను. కింద నుంచి విసుర్రాయిలో గులకరాళ్లు పడ్డ చప్పుడు. ఇంకొంచెం తిప్పాను. స్టీరింగు తిరగనంది. భయమేసి తిన్నగా వదిలేశాను. మా మరిది ముందు నుంచే చేయి ఊపుకుంటూ ముందుకు పోయాను.

"పెద్దమ్మా, నాయన ఆడనే నిలబడినాడు."

"చూసినాలే."

"మరి యాడికి పోతాండాం?"

"కారు యాడికి పోతే ఆడికి."

ఊరు దాటాక మరిది మోటారు సైకిలు మీద పక్కకొచ్చాడు. చేతిలో ఇంకా టీ గ్లాసుంది.

"వదినా, ఏందిది? కడపకు పోతాండావా?"

"తిరుక్కోలేకున్నాది ఓబులేసూ."

"అయితే ఆపు."

ఆపాను. అతను కింద వంగి చూసి చాలాసేపు లేవలేదు. లేచి, "పందెం పోయింది వదినా" అన్నాడు. అనడం మెల్లగానే అన్నాడు.

"గుమ్మం దాకా ఇంకా పోలేదు కదా. మధ్యలో ఎట్ల పోతాది?"

"వెనక్కి తిరిగేదెట్ల మరి?"

రోడ్డు పక్కన శనగ కోసేసిన చేను ఖాళీగా ఉంది. మరిదిని నా పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చేలోకి దించాను. చప్పుడు రానంత వరకే తిప్పుతూ పోయాను. ఒక కారు వెనక్కి తిరగడానికి ఎంత చోటు కావాలో మీకు తెలియదు. నాకు ఎకరంన్నర పట్టింది. చేను గల ముసలాయన కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

"ఏమ్మా, సర్వే చేస్తాండారా?"

"లేదు తాతా, తిరుక్కుంటాండాం."

"కానీయండి. సాయంత్రానికి అయిపోతాదా?"

అప్పుడే ఒక గుంతలో పడి కారు ఎగిరింది. చెక్క ఊడింది, అద్దం జారింది, రేగడి దుమ్మంతా లోపలికొచ్చింది. నేను కారు ఆపాను. మరిది కాళ్ల దగ్గర తడిమి చెక్క తీశాడు. రెండు చేతులతో అద్దం పైకి లాగాడు. చెక్క ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. తనకు తెలియకుండానే పళ్ల మధ్య కరుచుకున్నాడు.

అచ్చం ఆయనే. అదే దవడ, అదే మెడ తిప్పడం.

చెక్క దోపాక మరిది దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. నాలుకకు పళ్ల గుర్తులు తగిలాయేమో.

"అన్నవా ఇవి?"

"ఆ. ఆసుపత్రిలో చెక్క పెట్టినావా అని అడిగినాడు. పెట్టినా అని అబద్ధం చెప్పినా."

అప్పటి వరకూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మరిది మొహం అటు తిప్పుకున్నాడు. అది వెనక సీటు వైపు తిరిగేసరికి సుజాత, దానికి అటూ ఇటూ చక్రాలూ కనబడ్డాయి.

"వదినా, వెనక అవేంది?"

"పాత చక్రాలు."

"నాలుగూ?"

"నాలుగూ."

"పొద్దున్నించీ కార్లోనే ఉండాయా?"

వెనక నుంచి సుజాత, "నన్నెవరూ అడగలేదు" అంది.

ముసలాయన రాయి తెచ్చి జాకీ కింద పెట్టాడు. తిరిగేవి ముందు చక్రాలే కాబట్టి ముందువి రెండే మార్చాం. వెనకవి మార్చే ఓపిక లేదు. ముందు బక్క చక్రాలు, వెనక లావు చక్రాలు. ముసలాయన రెండడుగులు వెనక్కి వేసి చూసి, "ఇప్పుడు సరిపోయింది. పనిలో పని చేను దున్నిపోండి" అన్నాడు.

ఆ ట్రాక్టరునే ఆళ్లగడ్డలో తిప్పి, సందులో తిప్పి, మా మరిది గుమ్మం ముందు ఆపాను. అతను దిగి, అద్దం లాగి, చెక్క పెట్టి, రెండుసార్లు కదిలించి చూశాడు. కారు మాట ఆ రోజుకీ ఈ రోజుకీ ఎత్తలేదు.

అందుకని మీ అందరి ముందు ఒట్టు పెడుతున్నాను. మళ్లీ జన్మలో ఏ బండికీ గిట్టలు మార్చను. మస్తాన్ అబద్ధం చెప్తే నమ్ముతాను, నిజం చెప్తే ఇంకా నమ్ముతాను. అద్దం మాత్రం బాగు చేయించను.

అయిపోయింది సుజాతా. ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదువు. ఆ ముందర మా ఇద్దరి మాటలు ఉండాయి చూడు, ఆడ నిదానంగా చదువు.