దగ్గి కాపాడిన తల్లి

జర దగ్గరికి జరిగి కూసోండ్రి, చెప్త. నిజాం రాజ్యం పోయిన కొన్నేండ్లకు, పాలమూరు దవాఖానల నేను ఆయాగ చేస్తున్న. ఒకనాడు నా బిడ్డ ఏడుస్తుంటే రోగులు కోపం జేస్తరని నోరు మూసిన. పరదేశం నుంచి వచ్చిన నర్సమ్మ ఉరికొచ్చి నా చెయ్యి గుంజేసింది.

"ఏడ్వనియ్యి ఆయా! దాక్కున్న దినాలల్ల మా తమ్మునికి ఏడ్సే నసీబు గూడ లేకుండె."

నర్సమ్మోళ్లు యూదులట. మొన్నటి పెద్ద యుద్ధంల వాళ్ల దిక్కు యూదులు దొరికితే సిపాయిలు సంపుతుండ్రట. ఒక రైతమ్మ వీళ్లను తన అటుక మీద దాసిపెట్టింది. సిపాయిలు ఇల్లు సోదా చేస్తున్నప్పుడే పైన తమ్మునికి దగ్గొచ్చింది. ఆ సప్పుడు ఇనపడకుండ రైతమ్మ కింద కూలబడి, ఊపిరాడనట్టు దగ్గుతనే ఉంది. క్షయ అనుకొని సిపాయిలు ముక్కు మూసుకొని బయటపడ్డరు.

"ఆమె మీకేం సుట్టమమ్మా?"

"ఏం గాదు. మేం తలుపు కొట్టిన్నాడు మా పేర్లు గూడ తెల్వది."

ముఖమెరుగని గా తల్లికి ఇయ్యాల్టికీ దండం పెడుత. మీ ఇల్లు పాడిపంటలతోని సల్లగుండాలె, ఆపతిల వచ్చినోళ్లకు మీ తలుపు తెరుసుకోవాలె.