ఆదివారం రాని పిల్లికూతలు

మా బావ వడ్రంగి. చెక్కలో వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తాడు గానీ, ఎదుటివాళ్ల మాట ఓ పట్టాన చెవికెక్కించుకోడు. అలాంటి మనిషి ఆరేళ్ల కూతురి ముందు వెన్నలా కరిగిపోతాడు. ఇల్లంతా వాగుతూ తిరిగే ఆ పిల్లని మేం చిలక అంటాం. చిలకకి ఉబ్బసం.

గాలిలో దుమ్ము పెరిగితే హెచ్చరించే యాప్‌ని అక్క ఫోన్‌లో, బావ ఫోన్‌లో పెట్టింది నేనే. ఎరుపు రంగు కనిపిస్తే చాలు, కొట్టు నుంచి ఫోన్ చేసి "కిటికీలు వేశారా?" అంటూ బావ మా ప్రాణాలు తోడేసేవాడు. కిటికీ సందులకి చెక్క పట్టీలు కూడా కొట్టాడు. అయినా వారంలో మూడు నాలుగు సాయంత్రాలు పిల్లకి పిల్లికూతలు తప్పేవి కావు.

"నిన్న పచ్చరంగే చూపించింది, అయినా ఆయాసం వచ్చింది. నీ యాప్ ఉత్త బోగస్ రా!" అని ఓ రోజు నా మీద విరుచుకుపడ్డాడు.

నాకూ ఒళ్లు మండింది. ఆయాసం వచ్చిన ప్రతిసారీ అక్క ఆ యాప్‌లోనే వేళ రాసిపెట్టేది. రెండు నెలల లెక్క తీసి బావ ముందు పెట్టాను. అన్నీ సాయంత్రం ఏడు దాటాకే. ఆదివారం ఒక్కటీ లేదు, ఎరుపు చూపించిన ఆదివారాల్లో కూడా.

"ఆదివారం ఏంటంట ప్రత్యేకం?" అన్నాడు.

"కొట్టు మూస్తావు కదా," అంది అక్క మెల్లగా. "మిగతా రోజుల్లో నువ్వు గుమ్మంలో అడుగుపెట్టగానే అది నీ మెడకి చుట్టుకుంటుంది."

బావ తన చొక్కా చూసుకున్నాడు. కాలర్ నిండా సన్నటి రంపపు పొట్టు. యాప్ ఊరి గాలి సంగతి చెబుతుంది గానీ, మా గుమ్మం సంగతి దానికేం తెలుసు!

"అంటే నా వల్లేనా?" అన్నాడు. వాదనలో గెలిచానన్న నా సంబరం కాస్తా ఎగిరిపోయింది.

మర్నాటి నుంచి కొట్టు వెనకే స్నానం, బట్టలు మార్చుకోవడం అక్కడే. అయినా అతనికి ధైర్యం చాలలేదు. చిలక పరుగెత్తుకొస్తే చేతులు వెనక్కి కట్టుకుని పక్కకి జరిగేవాడు. పిల్ల మొహం చిన్నబోయేది. పదిరోజులు ఒక్క కూతా రాలేదు, ఇంట్లో నవ్వూ లేదు.

చివరికి ఓ బుధవారం అక్కకి చిర్రెత్తుకొచ్చింది. ఇన్‌హేలర్ నా చేతికిచ్చి, పిల్లని తీసుకెళ్లి అతని చేతుల్లో పెట్టేసింది. "ఎన్నాళ్లు తప్పించుకుంటావు? ఎత్తుకో!"

బావ బిగుసుకుపోయాడు. చిలక అతని మెడలో మొహం దూర్చి బడి కబుర్లన్నీ ఏకరువు పెట్టింది. ఎనిమిదైంది. ఎనిమిదిన్నరైంది. అది వాగుతూనే ఉంది.

"చేతులు నొప్పెడతాయేమో, నాకివ్వు బావా," అన్నాను.

"పోరా," అన్నాడు, కళ్లు తుడుచుకోవడానికైనా ఓ చెయ్యి వదలకుండా.